ఫిట్స్ పేషెంట్‌కి ఎమ్మారెస్ ఎలా చేయాలి: బాక్స్ పెట్టడం నుంచి గ్రాఫ్‌ని నమ్మొచ్చో లేదో చూసుకోవడం దాకా

"అన్నా, ఫారం మీద ఎపిలెప్సీ ప్రోటోకాల్ అని రాసి పక్కనే ఎమ్మారెస్ అని కూడా రాశారు, బాక్స్ ఎక్కడ పెట్టాలి, టీఈ ఎంత పెట్టాలి?" నల్గొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, నాగర్‌కర్నూల్ వైపు ఎమ్మారై సెంటర్లలో కొత్తగా చేరిన టెక్నీషియన్ తమ్ముళ్లు, చెల్లెళ్లు అడిగేది ఇదే. ఎమ్మారెస్ అంటే ఎమ్మార్ స్పెక్ట్రోస్కోపీ, బాక్స్ అంటే మెదడులో కొలవడానికి ఎంచుకునే చోటు, టీఈ అంటే ఎకో టైమ్, సిగ్నల్ పుట్టించాక దాన్ని వినేదాకా పట్టే సమయం, మిల్లీసెకన్లలో. పేషెంట్‌ని టేబుల్ మీద పడుకోబెట్టి ఫోన్ చేస్తారు, అప్పుడు హడావిడిగా చెప్పేది సగమే ఎక్కుతుంది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను. 1.5 టెస్లా మెషిన్‌ని దృష్టిలో పెట్టుకుని రాశాను, 3 టెస్లాకి తేడా ఉన్నచోట అక్కడే చెబుతాను.

థియరీ ఒక్క పేరానే. మామూలు ఎమ్మారై మెదడు బొమ్మ ఇస్తుంది. ఎమ్మారెస్ మాత్రం మనం పెట్టిన చిన్న బాక్స్‌లో ఏ రసాయనం ఎంతుందో గ్రాఫ్‌గా ఇస్తుంది, పొలంలో ఒకచోట మట్టి తీసి పరీక్షకి పంపినట్టు. గ్రాఫ్ కింద పీపీఎమ్ అంకెలు కుడి నుంచి ఎడమకి పెరుగుతాయి, ఒక్కో రసాయనం పీక్, అంటే శిఖరం, ఒక్కో అంకె దగ్గర లేస్తుంది. 2.0 దగ్గర ఎన్‌ఏఏ, అంటే నరాల కణాలు బాగున్నాయనడానికి గుర్తు. 3.0 దగ్గర క్రియాటిన్, 3.2 దగ్గర కోలిన్, 3.5 దాటాక మయో ఇనోసిటాల్, ఇది నరాల కణాలకి ఆసరాగా ఉండే గ్లియా కణాలు పెరిగినచోట ఎక్కువవుతుంది. 2.1 నుంచి 2.5 మధ్య గ్లూటమేట్, గ్లూటమిన్ కలిసిపోయి ఉంటాయి. 1.3 దగ్గర లాక్టేట్, 0.9 నుంచి 1.3 దాకా కొవ్వు. 4.7 దగ్గర నీళ్లు, దాన్ని మెషిన్ అణిచేస్తుంది. ఇంతే, మిగతాది పని చేస్తుంటే వస్తుంది.

కావాల్సినవి:

- హెడ్ కాయిల్, తల కదలకుండా రెండు పక్కలా పెట్టే స్పాంజ్ ముక్కలు, చెవులకి ప్లగ్గులు
- సింగిల్ వోక్సెల్ ప్రెస్ సీక్వెన్స్, అంటే ఒక్క బాక్స్‌లోంచి గ్రాఫ్ తీసే స్కాన్ పద్ధతి. లైసెన్స్ ఉందో లేదో ముందే చూసుకోండి, కొన్ని మెషిన్లలో అది విడిగా కొనాలి
- పాత స్కాన్ ఫిల్ములు, ఈఈజీ రిపోర్టు, వాడుతున్న మందుల చీటీ
- ఎమర్జెన్సీ మందుల ట్రే, బయట గదిలో ఆక్సిజన్, సక్షన్, ఫిట్స్ వస్తే చూసుకోగల డాక్టర్ లేదా నర్సు
- ఈ ఒక్క భాగానికే ఇరవై నిమిషాలకి తక్కువ కాకుండా టైమ్. బయట క్యూ ఉంది, ఐదు నిమిషాల్లో కానిచ్చేద్దాం అనుకుంటే మొదలుపెట్టకపోవడమే నయం

1. ముందు ప్రశ్న ఏంటో కనుక్కోండి

ఫిట్స్ కేసులో ఎమ్మారెస్ అడగడానికి మామూలుగా మూడు కారణాలు. ఒకటి, ఫిట్స్ ఏ పక్క టెంపోరల్ లోబ్‌లో (కణత వైపు మెదడు భాగం) మొదలవుతున్నాయో తేలట్లేదు. రెండు, కాంట్రాస్ట్ స్కాన్‌లో రింగులాంటి గడ్డ కనిపించింది, అది టీబీ గడ్డా, పురుగు తిత్తా, కణితా అన్న అనుమానం. మూడు, చిన్నపిల్లకి ఫిట్స్ ఆగట్లేదు, ఎదుగుదల లేదు, పుట్టుకతో వచ్చిన మెటబాలిక్ జబ్బేమో చూడాలి. ఈ మూడింటికీ బాక్స్ పెట్టే చోటు వేరు, టీఈ వేరు. ఫారంలో ఉత్త "ఎమ్మారెస్" అని ఉంటే రేడియాలజిస్ట్‌ని అడగండి, ఆయన లేకపోతే రాసిన డాక్టర్‌కే ఫోన్ చేయండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

2. పేషెంట్ దగ్గర నాలుగు విషయాలు రాసుకోండి

"చివరిసారి ఫిట్స్ ఎప్పుడొచ్చింది?" తారీకు ఒక్కటే చాలదు, గంట కూడా రాయండి. ఫిట్స్ వచ్చిన కొన్ని గంటల్లో స్కాన్ చేస్తే లాక్టేట్ పీక్ కనిపించొచ్చు, అది జబ్బు వల్ల కాదు, అప్పుడే వచ్చిన ఫిట్స్ వల్ల. గద్వాల, అచ్చంపేట వైపు నుంచి తెల్లారుజామున బస్సెక్కి, రాత్రంతా నిద్రలేకుండా వచ్చేవాళ్లలో దారిలోనే ఫిట్స్ వచ్చి ఉండొచ్చు. అడగందే చెప్పరు.

"ఏ మందులు వాడుతున్నారు, ఆస్పత్రిలో ఏ సూదులు వేశారు?" మానిటాల్ ఎక్కించి ఉంటే 3.8 దగ్గర కొత్త పీక్ వస్తుంది. ఫెనిటోయిన్, ఫినోబార్బిటాల్, లోరాజెపామ్ సూదుల్లో మందు కరగడానికి ప్రొపిలీన్ గ్లైకాల్ వాడతారు, అది 1.1 దగ్గర రెండు పళ్లలాగా కనిపిస్తుంది, ముఖ్యంగా పసిపిల్లల్లో. దాన్ని లాక్టేట్ అనుకుంటే రిపోర్టే తప్పుదారి పడుతుంది. కీటోజెనిక్ డైట్‌లో ఉన్న పిల్లలకి 2.2 దగ్గర అసిటోన్ రావచ్చు.

"పొద్దున ఫిట్స్ గోలీ వేసుకున్నారా?" ఇది అన్నిటికంటే ముఖ్యం. స్కాన్ అంటే ఏమీ తినొద్దు, గోలీ కూడా వేసుకోవద్దు అనుకుని మానేసి వస్తారు, తీరా మెషిన్‌లో ఫిట్స్ వస్తుంది. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే స్పష్టంగా చెప్పండి: గోలీ మానొద్దు. మత్తు ఇవ్వాల్సిన పిల్లలకి మాత్రం ఎప్పటిదాకా తినొచ్చో, గోలీ ఎన్ని నీళ్లతో ఇవ్వాలో మత్తు డాక్టర్ చెప్పినట్టే.

నాలుగోది, ఒంట్లో ఏమైనా పెట్టారా: పేస్‌మేకర్, తలలో క్లిప్పులు, షంట్, కాక్లియర్ ఇంప్లాంట్, ఫిట్స్ కోసమే మెడలో నరానికి పెట్టే వీఎన్ఎస్. ఉందంటే కార్డు చూసి, రేడియాలజిస్ట్ సరే అనేదాకా లోపలికి వద్దు.

3. తాయత్తులు, తాళాలు

ఇది మామూలు మెటల్ చెకింగ్ కాదు, ఫిట్స్ పేషెంట్ దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. మనవైపు మూర్ఛ వస్తుందంటే మెడలో, జబ్బకి, మొలతాడుకి తాయత్తు కట్టని ఇల్లు తక్కువ. పైన రాగి రేకు కనిపించినా లోపల ఏముందో మనకి తెలియదు, ఇనుప ముక్క కూడా ఉండొచ్చు. "అవ్వా, దీన్ని తెంపను, విప్పి నీ చేతికే ఇస్త, స్కాన్ అయినంక మళ్లీ కట్టుకో" అంటే ఎవరూ కాదనరు. కోసేయడానికి కత్తెర పట్టుకుని వెళ్తే గొడవ ఖాయం. పుస్తెలు, మెట్టెలు, నల్లపూసల దండలో వేసిన పిన్నీసు, జాకెట్ హుక్కులు కూడా చూడండి.

తాళాల సంగతి వేరే. ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టాలని మనవాళ్ల నమ్మకం. అందుకని కొందరు పేషెంట్ జేబులోనో, కొంగుకో ఇనుప ముక్క ముందే పెట్టి ఉంచుతారు. అంతకంటే ప్రమాదం ఏంటంటే, మెషిన్‌లో ఉండగా కాళ్లు చేతులు కొట్టుకోవడం అద్దంలోంచి చూసిన అన్నో మామో తాళాల గుత్తి పట్టుకుని లోపలికి పరిగెత్తడం. అయస్కాంతం ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, స్కాన్ నడవకపోయినా. 2018లో ముంబైలో ఆక్సిజన్ సిలిండర్‌తో ఎమ్మారై గదిలోకి వెళ్లిన ఒక మనిషి ప్రాణమే పోయింది. అటెండెంట్లని కూర్చోబెట్టి ముందే చెప్పండి, తలుపు దగ్గర మన మనిషి ఒకరు నిలబడాలి.

4. బొమ్మలు ముందు, కాంట్రాస్ట్ తర్వాత

అంతర్జాతీయ ఎపిలెప్సీ సంస్థ ఐఎల్ఏఈ వాళ్లు 2019లో సూచించిన పద్ధతిలో ముఖ్యమైనవి మూడు: 3డీ టీ1, 3డీ ఫ్లెయిర్, హిప్పోకాంపస్ (టెంపోరల్ లోబ్ లోపలి భాగం) పొడవుకి అడ్డంగా కోసినట్టు తీసే సన్నని కరోనల్ టీ2. గమనించండి, ఆ మూడింట్లో ఎమ్మారెస్ లేదు. అది పైన చేర్చుకునేది. ఈ మూడూ సరిగ్గా తీయకుండా ఎమ్మారెస్‌కి పరిగెత్తితే లాభం లేదు.

రక్తం, కాల్షియం చూపించే ఎస్‌డబ్ల్యూఐ కూడా తీయండి. గట్టిపడిపోయిన పాత పురుగు తిత్తి బాక్స్‌లో పడితే షిమ్మింగ్, అంటే అక్కడ అయస్కాంత బలాన్ని సమం చేయడం, చెడిపోతుంది. ఇవన్నీ అయ్యాక ఎమ్మారెస్, ఆ తర్వాతే కాంట్రాస్ట్. కాంట్రాస్ట్ మందులో ఉండే గెడోలినియం కోలిన్ పీక్‌ని కాస్త తగ్గించవచ్చు. ముందే ఇచ్చేశారంటే స్కాన్ మానేయక్కర్లేదు, కానీ షీట్ మీద రాయండి.

5. బాక్స్ పెట్టడం

ఎక్కువ గ్రాఫులు చెడిపోయేది ఇక్కడే, అందుకని నిదానంగా చదవండి.

టెంపోరల్ లోబ్ కేసైతే బాక్స్ హిప్పోకాంపస్ వెంట పడాలి. సైజు దాదాపు 1.5 సెంటీమీటర్ల వెడల్పు, 1.5 ఎత్తు, ముందు నుంచి వెనక్కి 3. ముందు సాజిటల్ బొమ్మలో హిప్పోకాంపస్ వాలు ఎటుందో చూసి బాక్స్‌ని ఆ వాలుకి తిప్పండి, తర్వాత కరోనల్‌లో సరిచేయండి, ఆఖరున యాక్సియల్‌లో చూడండి. ఒక్క బొమ్మలో బాగుంది కదా అని వదిలేస్తే మిగతా రెండింట్లో బాక్స్ ఎముకలోకి పోయి ఉంటుంది. కింద పెట్రస్ ఎముక, ముందు స్ఫినాయిడ్ సైనస్‌లో గాలి, పక్కన టెంపోరల్ హార్న్‌లో నీళ్లు, లోపలివైపు నీళ్లుండే సిస్టర్న్: నాలుగు వైపులా శత్రువులే. నీళ్లు ఎక్కువ పడితే అన్ని పీకులూ తగ్గుతాయి, ఎముక, గాలి తగిలితే పీకులు వెడల్పై ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

రెండోవైపు కూడా తప్పనిసరిగా చేయాలి, అదే సైజు, అదే వాలు, ముందు నుంచి వెనక్కి అదే స్థానం. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో కూడా హిప్పోకాంపస్ ముందు భాగంలో వెనక భాగం కంటే ఎన్‌ఏఏ తక్కువ, కోలిన్ ఎక్కువ ఉంటాయి. కుడి బాక్స్ ముందుకి, ఎడమ బాక్స్ వెనక్కి పడిందంటే కుడివైపు జబ్బున్నట్టు కనిపిస్తుంది, నిజానికి ఉన్నది మీ బాక్స్‌లో తేడానే. తల వంకరగా పడుకుంటే ఈ తప్పు జరగడం ఇంకా సులువు, అందుకే తల తిన్నగా పెట్టడానికి రెండు నిమిషాలు ఎక్కువ పట్టినా పట్టనివ్వండి.

గడ్డ కేసైతే బాక్స్ మొత్తం గడ్డలోపలే ఉండాలి. గడ్డ ఒకటిన్నర సెంటీమీటర్ల కంటే చిన్నదైతే నా మాట విని ఎమ్మారెస్ వద్దని రేడియాలజిస్ట్‌కి చెప్పండి. సగం గడ్డ, సగం మంచి మెదడు కలిసిన గ్రాఫ్ ఎవరికీ పనికిరాదు, పైగా అందులో కనిపించే ఎన్‌ఏఏ చూసి కంగారు. దానికి బదులు సన్నని 3డీ టీ2, అంటే సిస్ లేదా ఫియెస్టా తీస్తే తిత్తి లోపల పురుగు తల చుక్కలా కనిపించొచ్చు, అది దొరికితే గ్రాఫ్ కంటే పెద్ద సాక్ష్యం.

పిల్లల మెటబాలిక్ కేసులో ఒక బాక్స్ బేసల్ గాంగ్లియాలో, ఇంకోటి వెనక తెల్ల పదార్థంలో పెడతారు.

బాక్స్‌ని చిన్నది చేసే ముందు ఒక లెక్క గుర్తుంచుకోండి. 8 మిల్లీలీటర్ల బాక్స్‌ని 4 చేస్తే సిగ్నల్ సగమవుతుంది, దాన్ని పూడ్చుకోవాలంటే యావరేజీలు, అంటే అదే కొలతని ఎన్నిసార్లు తీసి కలుపుతామో, నాలుగింతలు కావాలి. టీఆర్ (ఒక కొలత నుంచి ఇంకో కొలతకి మధ్య సమయం) 2000 మిల్లీసెకన్లు, యావరేజీలు 128 ఉంటే 4 నిమిషాల 16 సెకన్లు. నాలుగింతలంటే 17 నిమిషాల పైనే. అంతసేపు ఎవరూ కదలకుండా ఉండరు.

6. శాచురేషన్ బ్యాండ్లు

ఇవి బాక్స్ బయటి సిగ్నల్‌ని అణిచే పట్టీలు, బాక్స్ చుట్టూ ఆరు వైపులా పెట్టండి. హిప్పోకాంపస్‌కి కింద, బయట వైపు బ్యాండ్లు ముఖ్యం, అక్కడి ఎముక మజ్జలోంచి, చర్మం కింది నుంచి కొవ్వు సిగ్నల్ వచ్చి పడుతుంది. బ్యాండ్ బాక్స్‌కి మరీ అతికించొద్దు, అంచు సిగ్నల్ కూడా తినేస్తుంది.

7. సెట్టింగులు

టెంపోరల్ లోబ్‌కి టీఈ 135 లేదా 144, టీఆర్ 1500 నుంచి 2000, యావరేజీలు 128 కాకుండా 192 పెడితే మంచిది. ఈ టీఈలో బేస్‌లైన్ చదునుగా ఉంటుంది, ఎన్‌ఏఏ, క్రియాటిన్, కోలిన్ మూడూ విడివిడిగా నిలబడతాయి. మయో ఇనోసిటాల్, గ్లూటమేట్ కూడా కావాలంటే టీఈ 30 లేదా 35తో ఇంకోసారి. టైమ్ ఒక్కదానికే ఉందంటే ఏది కావాలో రేడియాలజిస్ట్‌నే అడగండి. ఒకవైపు 30, రెండోవైపు 144 మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టొద్దు, ఆ రెంటినీ పోల్చలేం.

గడ్డకి, పిల్లలకి రెండు టీఈలూ కావాలి. ఎందుకంటే టీఈ 144 దగ్గర లాక్టేట్ తలకిందులవుతుంది, కొవ్వు కాదు. 3 టెస్లాలో ఆ తలకిందులు ఒక్కోసారి సరిగ్గా కనిపించదు, అనుమానం ఉంటే 288తో కూడా తీయండి, అక్కడ లాక్టేట్ నిటారుగా నిలబడాలి.

8. షిమ్మింగ్

ఆటోమేటిక్ షిమ్ నడపండి, నీటి పీక్ వెడల్పు ఎంతో చూడండి. ఆ అంకెని ఒక్కో కంపెనీ మెషిన్ ఒక్కో రకంగా లెక్కిస్తుంది కాబట్టి పక్క సెంటర్ వాళ్ల అంకెతో పోల్చొద్దు, మీ మెషిన్‌లో మామూలుగా ఎంత వస్తుందో గోడ మీద రాసి పెట్టుకోండి. బాగా రాకపోతే వరసగా ఇలా చేయండి: షిమ్ ఇంకోసారి, అప్పటికీ కాకపోతే బాక్స్‌ని ఎముక నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు జరపడం, అదీ కాకపోతే మాన్యువల్ షిమ్. జరిపితే రెండోవైపు కూడా అంతే జరపాలి.

9. నడిపించే ముందు పేషెంట్‌కి చెప్పండి

అప్పటిదాకా మెషిన్ దడదడలాడి ఉంటుంది, ఎమ్మారెస్‌లో చప్పుడు బాగా తగ్గిపోతుంది. అయిపోయిందనుకుని లేవబోతారు, లేదా తల తిప్పి చూస్తారు. "ఇప్పుడు సప్పుడు తక్కువొస్తది, అయిపోలే, కండ్లు మూసుకుని అట్లనే ఉండు" అని మైక్‌లో చెప్పండి. దేవరకొండ తండాల నుంచి వచ్చే పెద్దవాళ్లలో కొందరికి లంబాడీలో చెబితేనే అర్థమవుతుంది, అటెండెంట్‌తో ముందే చెప్పించండి. నీటిని అణచకుండా తీసే రిఫరెన్స్ కూడా అదే బాక్స్‌లో వెంటనే తీసేయండి, అరనిమిషం పని, తర్వాత లెక్కలకి అదే ఆధారం.

మధ్యలో ఫిట్స్ వస్తే స్కాన్ ఆపి, టేబుల్ బయటికి లాగి, పేషెంట్‌ని అయస్కాంతం గది బయటికి తెచ్చాకే మిగతా వైద్యం. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, టైమ్ చూసుకోండి, డాక్టర్‌ని పిలవండి. ఆ రోజుకి ఎమ్మారెస్ సంగతి మర్చిపోండి.

10. గ్రాఫ్ నమ్మదగ్గదేనా?

పేషెంట్‌ని దించకముందే చూడాలి, దించాక ఏం లాభం. నేను చూసే వరస ఇది. నీటి పీక్ అణిగిందా, 4.7 దగ్గర గుట్ట మిగిలి పక్కనున్నవాటిని వంచేస్తోందా? కోలిన్, క్రియాటిన్ మధ్య లోయ స్పష్టంగా కనిపిస్తోందా? అవి రెండూ ఒకే మొద్దులా ఉన్నాయంటే షిమ్ పోయినట్టే. ఎన్‌ఏఏ పీక్ సగం ఎత్తులో వెడల్పు 0.1 పీపీఎమ్ దాటిందా? 1.5 టెస్లాలో అది సుమారు 6.4 హెర్ట్జ్, 3 టెస్లాలో 12.8. దాటితే ఆ గ్రాఫ్‌తో అంకెలు తీయొద్దు. ఎన్‌ఏఏ 2.0 దగ్గరే ఉందా, లేక మొత్తం గ్రాఫ్ పక్కకి జరిగిందా? 1.3 దగ్గర ఎత్తయిన కొవ్వు ఉంటే బాక్స్ బొమ్మ మళ్లీ తెరిచి అంచు ఎముకని తాకిందేమో చూడండి, తాకిందంటే జరిపి మళ్లీ తీయండి, అప్పుడు మాయమైతే అది బయటి కొవ్వే.

ఎల్‌సీమోడల్, టార్క్విన్ లాంటి సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ప్రతి రసాయనం పక్కనా వచ్చే క్రామర్-రావ్ శాతం, అంటే ఆ అంకెలో ఎంత అనుమానం ఉందో, చూడండి, 20 దాటితే ఆ అంకెని పక్కన పెట్టడం మామూలు పద్ధతి. అయితే తక్కువ శాతం వచ్చినంత మాత్రాన గ్రాఫ్ మంచిదని కాదు, చెత్త గ్రాఫ్‌కి కూడా సాఫ్ట్‌వేర్ అందంగా గీత గీసి ఇస్తుంది. కళ్లతో చూడటం మానొద్దు.

ఇక ఏం కనిపిస్తే ఏంటి? ఫిట్స్ మొదలయ్యే పక్క హిప్పోకాంపస్‌లో ఎన్‌ఏఏ తగ్గడం మామూలు, మయో ఇనోసిటాల్ పెరగొచ్చు. కానీ రెండోవైపు కూడా తగ్గి ఉండే పేషెంట్లు ఉంటారు, కాబట్టి రెండు పక్కలూ సమానంగా ఉన్నాయంటే బాగున్నట్టే అని రాయకూడదు. టీబీ గడ్డలో ఎన్‌ఏఏ ఉండదు, కొవ్వు పీక్ పెద్దగా ఉంటుంది. చీము గడ్డలో 1.9 దగ్గర అసిటేట్, 2.4 దగ్గర సక్సినేట్ రావొచ్చు. పిల్లల్లో క్రియాటిన్ పీక్ అసలే లేకపోతే వెంటనే రేడియాలజిస్ట్‌కి చూపించండి, క్రియాటిన్ తయారీ లోపాల్లో కొన్నింటికి మందుతో గుణం కనిపిస్తుంది. ఇక్కడో చిక్కుంది: మనం నిష్పత్తులన్నీ క్రియాటిన్‌తో భాగించే తీస్తాం, అదే లేకపోతే అంకెలు ఆకాశానికి పోతాయి, కాబట్టి పిల్లల గ్రాఫ్‌లో ముందు పీకులు, తర్వాతే టేబుల్. 3.55 దగ్గర పీక్ టీఈ 144లో కూడా తగ్గకుండా నిలబడితే గ్లైసిన్ అయ్యుండొచ్చు, మయో ఇనోసిటాల్ అయితే అక్కడికి దాదాపు పోతుంది. పసిపిల్లల్లో ఎన్‌ఏఏ తక్కువ, కోలిన్ ఎక్కువ ఉండటం సహజం, పెద్దవాళ్ల గ్రాఫ్ పక్కన పెట్టి చూసి భయపడొద్దు.

11. పంపేటప్పుడు

గ్రాఫ్ ఒక్కటే పంపితే రేడియాలజిస్ట్ ఏమీ చెప్పలేరు. మూడు వైపుల నుంచి బాక్స్ బొమ్మలు, సైజు, టీఈ, టీఆర్, యావరేజీలు, షిమ్ అంకె, చివరి ఫిట్స్ వచ్చి ఎన్ని గంటలైంది, ఏ సూదులు వేశారు, కాంట్రాస్ట్ ముందా తర్వాతా: ఇవన్నీ ఉండాలి. రా డేటా కూడా దాచండి, సీమెన్స్‌లో ట్విక్స్, జీఈలో పీ-ఫైల్, ఫిలిప్స్‌లో ఎస్‌డాట్, ఎస్‌పార్ జంట. రేపు పేషెంట్ ఆపరేషన్ కోసం హైదరాబాద్ పెద్దాస్పత్రికి వెళ్తే అక్కడివాళ్లు అడిగేది దాన్నే, సీడీలో బొమ్మల్ని కాదు.

బయట కూర్చున్న తండ్రి "ఏమొచ్చింది సార్, మెదడుల ఏమన్న ఉన్నదా?" అని అడుగుతాడు. గ్రాఫ్ చూపించి "ఇది తగ్గింది" అనొద్దు. రిపోర్టు డాక్టర్ ఇస్తారు, ఇచ్చేదాకా గోలీలు ఆపొద్దు అని మాత్రం చెప్పండి.

చాలామంది ఆఖరున అడిగేది గాబా గురించి, అంటే నరాల ఉద్రేకాన్ని అణిచే మెదడు రసాయనం. ఫిట్స్‌లో గాబానే కదా అసలు కథ, దాన్ని చూడలేమా అని. చూడొచ్చు, కానీ మామూలు ప్రెస్‌తో కాదు. గాబా పీక్ 3.0 దగ్గర క్రియాటిన్ కిందే దాక్కుంటుంది, దాన్ని బయటికి తీయడానికి మెగా-ప్రెస్ అనే ఎడిటింగ్ పద్ధతి కావాలి, టీఈ 68, బాక్స్ మామూలుగా 3 సెంటీమీటర్ల ఘనం, పది నిమిషాల దాకా కదలకుండా ఉండే పేషెంట్, 3 టెస్లా మెషిన్. అంత పెద్ద బాక్స్ హిప్పోకాంపస్‌లో పట్టదు. వైగబాట్రిన్ వాడుతుంటే గాబా మందు వల్లే పెరిగి ఉంటుంది, టోపిరమేట్, గాబాపెంటిన్‌తో కూడా పెరగొచ్చు, కాబట్టి మందుల చీటీ లేకుండా ఆ అంకెకి అర్థం లేదు. మీ 1.5 టెస్లాలో ఎవరైనా ఫారం మీద గాబా అని రాసి పంపితే, మన దగ్గర కుదరదని అదే ఫారం మీద రాసి వెనక్కి పంపండి.